పెడల్ స్టీల్ గిటార్: ఏ పెడల్‌కి, ఏ మోకాలి లివర్‌కి ఏ మార్పు పెట్టుకోవాలి

పెడల్ స్టీల్ అంటే బల్లలా అడ్డంగా పెట్టుకుని, తీగల మీద లోహపు బార్ జారిస్తూ, పాదం కింద పెడళ్ళతో, మోకాళ్ళ పక్కన లివర్లతో తీగల శృతి మారుస్తూ వాయించే గిటార్. ఒక పెడల్ గానీ లివర్ గానీ తీగ శృతిని మార్చడాన్నే ఇక్కడ మార్పు అంటున్నాను. దీన్ని వాయించేవాళ్ళలో చాలామందికి ఆరు నెలలకో ఏడాదికో ఒక కోరిక మొదలవుతుంది, ఇంకో లివర్ ఉంటే బాగుండు, ఫలానా ఆయన గిటార్‌లో ఉన్న మార్పు నాక్కూడా ఉంటే ఆ ముక్క నాకూ వచ్చేసేది అని. నాకూ అలాగే మొదలైంది, గిటార్ తిరగేసి రాడ్లు (పెడల్, లివర్ లాగుడుని తీగకి చేర్చే కడ్డీలు) మార్చాను, కొన్ని బాగా కుదిరాయి, ఒకటి మాత్రం నన్ను రెండు నెలలు వెనక్కి లాగింది (దాని గురించి కింద చెప్తాను). ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే. ఒక మార్పు విడిగా మంచిదా కాదా అని చూడొద్దు, దాన్ని ఏ ఏ మార్పులతో కలిపి ఒకేసారి తొక్కాల్సి వస్తుందో చూడండి. పెడల్ స్టీల్‌లో సంగీతం అంతా ఆ కలయికల్లోనే ఉంది, కాబట్టి ఎంపిక కూడా అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

నేను ఎక్కువగా మాట్లాడేది ఇ నైన్త్ ట్యూనింగ్ గురించి, పది తీగలది. మీకు దూరంగా ఉన్నది ఒకటో తీగ అనుకుంటే వరసగా ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఇందులో 3, 4, 5, 6, 8, 10 తీగలు కలిపితే ఇ మేజర్ కార్డ్. మిగిలిన 1, 2, 7, 9 స్కేల్ నోట్ల కోసం ఉన్నవి. ఒకటో తీగ అన్నిటికంటే పై స్థాయి నోట్ కాదు, మూడోది దానికంటే పైన ఉంటుంది, కొత్తవాళ్ళు ఇక్కడ చాలాసార్లు తికమకపడతారు.

ఇక పెడళ్ళు. ఎ పెడల్ 5, 10 తీగల్ని బి నుంచి సి షార్ప్‌కి ఎక్కిస్తుంది. బి పెడల్ 3, 6 తీగల్ని జి షార్ప్ నుంచి ఎ కి ఎక్కిస్తుంది. సి పెడల్ నాలుగో తీగని ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కి, ఐదో తీగని బి నుంచి సి షార్ప్‌కి. లివర్లలో దాదాపు అందరి దగ్గరా ఉండేవి రెండు: 4, 8 తీగల్ని ఇ నుంచి ఎఫ్ కి ఎక్కించేది (దీన్నే ఎఫ్ లివర్ అంటారు), అవే తీగల్ని ఇ నుంచి డి షార్ప్‌కి దించేది. ఆ తర్వాత రెండో తీగని డి షార్ప్ నుంచి డి కి, ఇంకా నొక్కితే సి షార్ప్‌కి దించుతూ తొమ్మిదో తీగని డి నుంచి సి షార్ప్‌కి దించేది. ఇంకోటి ఒకటో తీగని జి కి గానీ జి షార్ప్‌కి గానీ ఎక్కించేది, చాలా గిటార్లలో దాంతోపాటే ఆరో తీగని ఎఫ్ షార్ప్‌కి దించడమో రెండో తీగని ఇ కి ఎక్కించడమో ఉంటుంది. మోకాలిని పైకి ఎత్తి నొక్కే లివర్ ఉంటే దానిమీద సాధారణంగా ఐదో తీగని బి నుంచి బి ఫ్లాట్‌కి దించే మార్పు ఉంటుంది. ఈ మొత్తం అమరికని ఒక గళ్ళ పట్టీలో రాసుకుంటే దాన్ని కోపెడెంట్ అంటారు, కార్డ్, పెడల్, అరేంజ్‌మెంట్ అనే మూడు మాటలు కలిపి చేసిన పదం. మీ గిటార్ కోపెడెంట్ మీ దగ్గర కాగితం మీద లేకపోతే ఇంకేమీ చెయ్యకముందు అది రాయండి, అడ్డంగా తీగలు, నిలువుగా పెడళ్ళు లివర్లు, గళ్ళలో ఏ నోట్‌కి వెళ్తోందో. నిజంగా ట్యూనర్ పెట్టి ఒక్కొక్కటీ తొక్కి చూసి రాయండి, ఎందుకంటే పాత గిటార్ కొంటే ముందు వాయించినవాళ్ళు ఏం మార్చారో మీకు తెలీదు.

ఈ అమరిక ఒక్కరోజులో ఎవరో కూర్చుని గీసింది కాదు, అవసరం వచ్చినకొద్దీ పెరిగింది. 1954లో వచ్చిన కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ రికార్డులో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి నోట్ జారేట్టు వాయించాడు, అప్పటిదాకా పెడల్ అంటే ఎక్కువగా ఒక ట్యూనింగ్ నుంచి ఇంకో ట్యూనింగ్‌కి మారడానికి మాత్రమే వాడేవాళ్ళు. ఆయన పెడల్ రెండు నోట్లనీ ఒకేసారి కదిపేది. బడ్డీ ఎమన్స్ అనే ఇంకో వాద్యకారుడు దాన్ని రెండు పెడళ్ళుగా విడగొట్టాడు, అవే ఇవాళ మనం తొక్కే ఎ, బి పెడళ్ళు. 1962లో ఆయనే పైన ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు చేర్చాడు. చూడండి, ప్రతీదీ ఒక ఖాళీని పూరించడానికే వచ్చింది. మీరు చేర్చబోయేది కూడా అలాంటి ఖాళీకే వెళ్ళాలి.

అందుకే కొత్తది చేర్చేముందు ఉన్నవాటితో ఏం వస్తుందో పూర్తిగా తెలుసుకోవాలి. జి మేజర్ కార్డ్ కావాలనుకోండి. పెడల్ ఏదీ తొక్కకుండా మూడో ఫ్రెట్‌లో ఉంది. ఎ పెడల్, ఎఫ్ లివర్ కలిపితే ఆరో ఫ్రెట్‌లో ఉంది. ఇ తీగల్ని దించే లివర్ నొక్కి 5, 7, 8 తీగలు మీటితే ఎనిమిదో ఫ్రెట్‌లో ఉంది. ఎ, బి రెండూ తొక్కితే పదో ఫ్రెట్‌లో ఉంది. ఒకే కార్డ్‌కి నాలుగు చోట్లు, ప్రతి చోటా చుట్టూ దొరికే నోట్లు వేరు. మైనర్ కావాలంటే ఎ పెడల్ ఒక్కటే తొక్కితే సి షార్ప్ మైనర్, బి, సి కలిపి తొక్కి 3, 4, 5 మీటితే ఎఫ్ షార్ప్ మైనర్, ఇ తీగలు దించితే 3, 4, 5 మీద జి షార్ప్ మైనర్, ఇవన్నీ బార్ లేకుండా తెరిచిన తీగల మీద లెక్క. ఎఫ్ లివర్ ఒక్కటే నొక్కి 5, 6, 8, 9 మీటితే పూర్తి డిమినిష్డ్ సెవెన్త్ దొరుకుతుంది. ఇ తీగలు దించి దానికి బి పెడల్ కలిపితే బి సెవెన్త్, అంటే మూడో ఫ్రెట్‌లో జి వాయిస్తూ బార్ కదపకుండానే డి సెవెన్త్‌కి వెళ్ళి తిరిగి రావచ్చు. నేను చూసినంతవరకూ "నాకు ఫలానా కార్డ్ లేదు, ఇంకో లివర్ కావాలి" అనేవాళ్ళలో సగంమంది దగ్గర ఆ కార్డ్ ఆల్రెడీ ఉంటుంది, వాళ్ళు అటువైపు చెయ్యి పెట్టలేదంతే.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వాయిస్తున్నప్పుడు చెవిలో వినిపించి చేతికి అందని చోటల్లా రాసుకోండి, "ఎ, బి తొక్కి ఉండగా కార్డ్‌ని మైనర్ చెయ్యాలనిపించింది", "మేజర్ థర్డ్ నుంచి సెకండ్‌కి జారాలనిపించింది, మిగతా తీగలు అలాగే మోగుతుండగా", ఇలా. తర్వాత ప్రతి దాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఈ నోట్ వేరే ఫ్రెట్‌లో ఇప్పటి పెడళ్ళతో దొరుకుతుందా? దొరికితే అక్కడికి బార్ జారితే ఆ ముక్క చెడుతుందా లేక ఇంకా బాగుంటుందా? చెడుతుంది అంటే అప్పుడు ఇది ఎన్నిసార్లు అవసరం పడుతోంది? ఒకే ఒక్క పాటలో ఒకే ఒక్క చోట అవసరమైతే దానికోసం లివర్ ఖర్చు పెట్టొద్దు. వారానికి పది సార్లు అదే గీత మళ్ళీ రాస్తున్నారంటే అది మీకు నిజంగా కావాల్సిన మార్పు.

రాడ్లు ముట్టుకోకముందే పరీక్షించే దారి కూడా ఒకటి ఉంది, నాకు ఇది చాలా ఇష్టం. కావాలనుకున్న నోట్‌కి ఆ తీగని కీ దగ్గరే తిప్పి శృతి చేసేసుకోండి. ఉదాహరణకి ఆరో తీగని ఎఫ్ షార్ప్‌కి దించేసి, లివర్ నొక్కి పట్టుకున్నట్టే ఊహించుకుని, ఆ స్థితిలో ఏ కార్డ్‌లు వస్తున్నాయో, ఏ పెడల్‌తో ఏమవుతోందో ఒక సాయంత్రమంతా తిరగండి. జారడం వినిపించదు గానీ చేరే చోటు వినిపిస్తుంది, అది బాగా లేకపోతే జారడం దాన్ని బాగుచెయ్యలేదు. రెండో దారి, ఇప్పుడున్న లివర్లలో మీరు తక్కువ వాడేదాని రాడ్డుని తాత్కాలికంగా ఆ తీగకి మార్చి చూడటం. మోకాలికి అసలు స్థానం అది కాకపోయినా మార్పు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏది ఎక్కడ పెట్టాలి. ఎడమ పాదం పెడళ్ళ మీద ఉంటుంది, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. ఎడమ మోకాలు ఎడమకి, కుడికి, పైకి కదలగలదు, కుడి మోకాలు ఎడమకి, కుడికి. ఒక మోకాలు ఒకేసారి రెండు వైపులకీ వెళ్ళలేదు, ఇదే మొత్తం లెక్కకి మూలం. ఎప్పటికీ కలిపి వాడని మార్పుల్ని ఒకే మోకాలికి రెండు పక్కలా పెట్టాలి, కలిపి వాడేవాటిని వేరే వేరే మోకాళ్ళకి పంచాలి. ఇ తీగల్ని ఎక్కించేది, ఇ తీగల్ని దించేది ఒకే తీగల మీద ఎదురెదురు పనులు, రెండూ కలిపి నొక్కే అవసరం రాదు, అందుకే ఎక్కువ గిటార్లలో అవి ఎడమ మోకాలికి చెరో వైపు ఉంటాయి. ఊరికే అలవాటు కొద్దీ పెట్టింది కాదు అది.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. ఎడమ మోకాలు ఎక్కువ పని చేస్తోంది, కుడి మోకాలు ఖాళీగా ఉంది అనిపించి ఇ తీగల్ని దించే లివర్‌ని కుడి మోకాలు కుడివైపుకి మార్చాను. ఆరో తీగని ఎఫ్ షార్ప్‌కి దించేది అప్పటికే కుడి మోకాలు ఎడమవైపు ఉంది. రెండు మూడు రోజులు హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఎనిమిదో ఫ్రెట్ దగ్గర జి కార్డ్‌లో ఉండి సిక్స్త్ నుంచి ఫిఫ్త్‌కి జారబోతే మోకాలు రెండు వైపులకీ వెళ్ళాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ స్థితిలో ఇ తీగలు దిగి ఉండాలి, దాంతోపాటు ఆరో తీగ జి షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కి దిగాలి. నేను రోజూ వాడే కదలిక అది, మార్చేటప్పుడు నాకు తట్టనేలేదు. కొత్త చోటికి మోకాలిని అలవాటు చెయ్యడానికి ఒక నెల, మళ్ళీ వెనక్కి తెచ్చి పాత అలవాటు తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో నెల పట్టింది. అప్పట్నించీ ఏ మార్పు చేసినా ముందు ఒక జతల పట్టీ రాస్తాను: పైన అన్ని పెడళ్ళు లివర్లు, పక్కన కూడా అవే, ఏ రెండు కలిపి నేను నిజంగా వాడుతున్నానో అక్కడ టిక్కు. కొత్త అమరికలో టిక్కు ఉన్న ఏ జత అయినా ఒకే మోకాలికి ఎదురెదురుగా పడితే ఆ అమరిక అక్కడితో కొట్టేస్తాను.

పెడళ్ళ వరస గురించి కూడా ఇదే ఆలోచన పనికొస్తుంది. ఎడమ నుంచి ఎ, బి, సి అని ఉంటే ఎమన్స్ వరస, సి, బి, ఎ అని ఉంటే డే వరస, జిమ్మీ డే అనే వాద్యకారుడి పేరు మీద. ఏది గొప్ప అని వాదనలు ఎప్పుడూ ఉంటాయి గానీ నా దృష్టిలో చూడాల్సింది చీలమండ ఎటు తిరుగుతోందన్నదే. ఎ పెడల్, ఎఫ్ లివర్ కలయిక లేకుండా ఒక్క పాట కూడా గడవదు. ఎమన్స్ వరసలో ఎ పెడల్ ఎడమ చివర, ఎఫ్ లివర్ ఎడమ మోకాలు ఎడమవైపు, అంటే పాదం, మోకాలు రెండూ ఒకే దిక్కుకి వాలతాయి. డే వరసలో ఎ పెడల్ కుడి చివర ఉంటుంది కాబట్టి ఎఫ్ లివర్ కూడా మోకాలు కుడివైపుకి వస్తుంది, అక్కడా ఒకే దిక్కు. కాబట్టి పెడళ్ళ వరస మార్చి లివర్లు మార్చకుండా వదిలేస్తే మాత్రం కాలు మెలిపెట్టినట్టు అవుతుంది, మారిస్తే రెండూ కలిపి మార్చండి. కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళు ఎమన్స్‌తో మొదలెడితే నయం అంటాను, ఎక్కువమంది అదే వాడతారు, ఇంకొకరి గిటార్ ముందు కూర్చున్నా కాళ్ళు తడుముకోవు.

మోకాలిని పైకెత్తే లివర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అది అన్నిటిలోకీ కష్టమైనది, పైగా పాదం పెడళ్ళని కిందకి తొక్కుతుండగా మోకాలు పైకి లేవాలి. చేసే పద్ధతి ఏంటంటే మునివేళ్ళు పెడల్ మీదే ఉంచి మడమ పైకి లేపడం. సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే ఇది అసలు రాదు, మామూలుగా కూర్చున్నప్పుడు తొడకీ ఆ లివర్‌కీ మధ్య వేలు దూరేంత సందు మాత్రమే ఉండేట్టు సర్దుకోండి. వేగంగా కొట్టే మార్పులు దానిమీద పెట్టొద్దు, నెమ్మదిగా కార్డ్ రంగు మార్చేవి పెట్టండి. బి నుంచి బి ఫ్లాట్ అక్కడ ఉండటం అందుకే బాగా కుదిరింది. ఆ మార్పు అసలు విలువ స్ప్లిట్‌లో ఉంది: ఎ పెడల్ ఐదో తీగని సి షార్ప్‌కి ఎక్కించి ఉండగా ఈ లివర్ నొక్కితే నోట్ సి కి వస్తుంది, అంటే ఎ, బి తొక్కిన ఎ మేజర్ కార్డ్ బార్ కదలకుండా ఎ మైనర్ అయిపోతుంది. అదే విధంగా బి పెడల్ ఎ కి ఎక్కించిన ఆరో తీగని దించే లివర్‌తో కలిపితే జి వస్తుంది, పెడల్ లేని ఇ కార్డ్‌లో అది ఇ మైనర్, ఎ పెడల్ కూడా తొక్కి ఉంటే ఎ కార్డ్‌కి సెవెన్త్. ఒక లివర్, రెండు మూడు పనులు. ఇలాంటివే ముందు పెట్టుకోవాలి.

కానీ స్ప్లిట్ శృతి దానంతట అది కుదరదు. ఎక్కించే లాగుడు, దించే లాగుడు కలిసినప్పుడు ఎక్కడ ఆగాలో విడిగా సర్దే స్క్రూ గానీ అదనపు రాడ్డు గానీ గిటార్‌కి ఉండాలి. లేకపోతే రెండూ విడివిడిగా శృతిలో ఉంటాయి, కలిపితే పక్కకి పోతుంది. స్ప్లిట్ ఆశతో లివర్ ఎంచుకునేముందు చేంజర్ (బ్రిడ్జ్ దగ్గర తీగల్ని బిగించి, వదులు చేసే భాగం) చివర ఆ ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి.

ఇంకా పెద్ద మార్పు కావాలంటే పాల్ ఫ్రాంక్లిన్ అనే వాద్యకారుడి పేరుతో పిలిచే పెడల్ ఉంది, 5, 10 తీగల్ని బి నుంచి ఎ కి, ఆరో తీగని జి షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కి దించుతుంది. అది తొక్కి 5, 7, 9 మీటితే డి మేజర్, అంటే ఇ కార్డ్ ఉన్న ఫ్రెట్‌లోనే ఒక హోల్ స్టెప్ (రెండు ఫ్రెట్ల దూరం) కింద కార్డ్ దొరుకుతుంది. చాలా అందంగా ఉంటుంది. అయితే మూడు తీగల్ని హోల్ స్టెప్ దించాలి కాబట్టి బరువుగా ఉంటుంది, లివర్ మీద పెట్టకండి, నాలుగో పెడల్‌గానో ఎ పెడల్‌కి ఎడమ పక్కనో పెట్టుకోండి.

యంత్రం ఒప్పుకుంటుందా అన్నది తర్వాతి మాట. ఆల్ పుల్ గిటార్లలో (ఎక్కించడానికైనా దించడానికైనా రాడ్డుని లాగేవి) చేంజర్‌కి ప్రతి తీగ దగ్గరా ఎక్కించడానికి కొన్ని కన్నాలు, దించడానికి కొన్ని కన్నాలు ఉంటాయి. ఇప్పటి గిటార్లలో మామూలుగా ఎక్కించేవి మూడు, దించేవి రెండు. పాత వాటిలో ఇంకా తక్కువ ఉండొచ్చు. ఐదో తీగ లెక్క చూడండి: ఎ పెడల్, సి పెడల్ రెండు ఎక్కించేవి, బి ఫ్లాట్ లివర్, ఫ్రాంక్లిన్ పెడల్ రెండు దించేవి. దించే కన్నాలు అయిపోయాయి, ఇంకో దించే మార్పు చేర్చాలంటే చోటు లేదు. కోపెడెంట్ పట్టీలో ప్రతి తీగ నిలువు వరస కింద ఎన్ని ఎక్కించేవి, ఎన్ని దించేవి అని రాసుకుంటే ఇది ఒక్క చూపులో తెలుస్తుంది.

తీగ కూడా ఒప్పుకోవాలి. మూడో తీగ సాధారణంగా 0.011 అంగుళాల మందం, బి పెడల్‌తో సుమారు 415 నుంచి 440 హెర్ట్జ్‌కి వెళ్తుంది, ఇంచుమించు తెగే హద్దులోనే ఉంటుంది. దాన్ని ఇంకా పైకి ఎక్కించే మార్పు గురించి ఆలోచించకండి. ఆరో తీగ దగ్గర ఇంకో సంగతి, చుట్టు తీగ వేస్తే అదే నోట్ దూరానికి చేంజర్ ఎక్కువ కదలాలి, ఎందుకంటే లోపలి సన్నటి తీగే బరువంతా మోస్తోంది. చుట్టు లేని 0.020 తీగ వేస్తే తక్కువ కదలికతో ఎఫ్ షార్ప్‌కి దిగుతుంది. ఆరో తీగని హోల్ స్టెప్ దించాలనుకునేవాళ్ళు, లివర్ ఆఖరిదాకా వెళ్ళినా నోట్ అందట్లేదు అనేవాళ్ళు ముందు తీగ మార్చి చూడండి, రాడ్లు తర్వాత. తీగ మార్చాక బి పెడల్ కూడా మళ్ళీ శృతి చెయ్యాలి, అది మర్చిపోతారు.

రాడ్డు అమర్చేటప్పుడు బెల్ క్రాంక్‌లో (పెడల్ తిప్పే షాఫ్ట్ మీద ఉండి రాడ్డుని లాగే చిన్న ముక్క) షాఫ్ట్‌కి దూరంగా ఉన్న కన్నంలో పెడితే కదలిక ఎక్కువ, నొక్కడం గట్టిగా ఉంటుంది, దగ్గరగా పెడితే మెత్తగా ఉంటుంది కానీ మోకాలు ఎక్కువ దూరం వెళ్ళాలి. చేంజర్ వైపు దీనికి తిరగబడి ఉంటుంది, చేంజర్ వేలి (తీగని కదిపే భాగం) ఇరుసుకి దగ్గర కన్నంలో పెడితే నోట్ త్వరగా మారుతుంది, గట్టిగా ఉంటుంది. ఒకే పెడల్ రెండు తీగల్ని కదిపితే రెండూ కలిసి బయల్దేరి కలిసి ఆగాలి, ముఖ్యంగా ఎ పెడల్‌లో 5, 10. ఒకటి ముందే చేరి ఇంకోటి తర్వాత వస్తే సగంలో జారినప్పుడల్లా వికారంగా వినిపిస్తుంది. రాడ్డు చివర ఉండే నైలాన్ నట్టు తిప్పి దీన్ని దాచలేరు, నట్టు ఆఖరి నోట్‌ని మాత్రమే సర్దుతుంది, ప్రయాణాన్ని సర్దేవి కన్నాలే. ఓపిగ్గా కన్నాలు మార్చి చూడాల్సిందే.

రెండో తీగకి రెండు అంచెల్లో దిగే లివర్ ఉంటే మధ్యలో డి దగ్గర మోకాలికి కొంచెం గట్టి తగలాలి, దాన్నే హాఫ్ స్టాప్ అంటారు. చాలా గిటార్లలో తొమ్మిదో తీగని సి షార్ప్‌కి దించే లాగుడు ఆ చోట్లోనే మొదలయ్యేట్టు పెడతారు, అలా చేస్తే అదనపు బరువే మోకాలికి గుర్తు చెప్తుంది.

అమర్చాక శృతి. ఇక్కడ కూడా మార్పుల ఎంపిక ప్రభావం ఉంటుంది. మేజర్ థర్డ్ చెవికి మెత్తగా ఉండాలంటే ట్యూనర్ సున్నా కంటే 14 సెంట్లు కింద ఉండాలి (ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు ఒక సెంట్). ఎ, బి తొక్కిన ఎ కార్డ్‌లో సి షార్ప్ థర్డ్, కాబట్టి అది అలా కిందకి వస్తుంది. అదే సి షార్ప్ ఎ, ఎఫ్ కలయికలో రూట్ అవుతుంది, దాని థర్డ్ అయిన ఎఫ్ ఇంకో 14 సెంట్లు కిందకి దిగాలి. అందుకే ఎఫ్ లివర్‌ని ట్యూనర్ సున్నాకి పెడితే ఆ స్థితి ఘోరంగా ఉంటుంది, అందుకే ఆ స్థితిలో వాయించేటప్పుడు బార్ ఫ్రెట్ గీతకంటే కొంచెం ముందుకి, బ్రిడ్జ్ వైపు పెడతారు. కొత్త లివర్‌ని శృతి చేసేటప్పుడు కూడా ఇదే అడగండి, ఈ నోట్ ఏ కలయికలో ఏ పాత్రలో ఎక్కువసార్లు వస్తుంది, థర్డ్‌గానా, రూట్‌గానా, సెవెన్త్‌గానా, ఆ పాత్రకే శృతి చెయ్యండి. రెండు పాత్రల్లో సమానంగా వస్తుంటే మధ్యలో పెట్టి బార్‌తో సర్దుకోవాలి.

ఇంకోటి, ఎ, బి కలిపి తొక్కినప్పుడు గిటార్ ఒళ్ళు కొద్దిగా వంగి, కదపని తీగలు కూడా కొన్ని సెంట్లు కిందకి జారతాయి. నాలుగో తీగ మీటి ట్యూనర్ చూస్తూ పెడళ్ళు తొక్కితే కనిపిస్తుంది. బరువైన మార్పు కొత్తగా చేర్చాక ఇది పెరిగిందేమో చూడండి. అలాగే దించిన తీగ తిరిగి వచ్చినప్పుడు ముందున్న చోటుకే వస్తోందా, లేక కొంచెం పైన ఆగుతోందా చూడాలి, పైన ఆగుతుంటే దించే వైపు స్ప్రింగు బిగువు, చేంజర్‌లో నూనె ముందు చూసుకోండి.

కొన్ని గిటార్లకి సి సిక్స్త్ ట్యూనింగ్‌తో రెండో మెడ ఉంటుంది, దాని గురించి తక్కువే చెప్తాను, అక్కడ ఆలోచన వేరు. నోట్లు జారించడం కంటే ఒక్క తొక్కుడుతో కొత్త కార్డ్ దొరకడం ముఖ్యం. ఐదో పెడల్ తొక్కితే డి నైన్త్, ఆరోది తొక్కితే ఎఫ్ సెవెన్త్, ఏడోది సి మేజర్ నైన్త్, ఎనిమిదోది మంద్రంలో ఎ సెవెన్త్. అవి అలాగే ఉంచి లివర్లతోనే ప్రయోగాలు చెయ్యండి, మూడో తీగ సి ని హాఫ్ స్టెప్ అటూ ఇటూ కదిపేవి, నాలుగో తీగ ఎ ని బి ఫ్లాట్‌కో ఎ ఫ్లాట్‌కో మార్చేవి బాగా ఉపయోగపడతాయి. రెండు మెడలు మొయ్యలేం అనుకునేవాళ్ళకి రెండు ట్యూనింగులూ ఒకే మెడలో దొరికే పన్నెండు తీగల యూనివర్సల్ ఉంది, అందులో ఇ తీగలు దించే లివర్ నొక్కి పట్టుకుంటే బి సిక్స్త్ అవుతుంది. దాంట్లో ఆ లివర్ మీదే సగం గిటార్ ఆధారపడి ఉంటుంది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో అందరికంటే ఎక్కువ ఆలోచించాలి.

మీ దగ్గర ప్రస్తుతం మూడు పెడళ్ళు, నాలుగు లివర్లు ఉంటే నా సలహా ఇది. ఇ ఎక్కించేది, ఇ దించేది ఎడమ మోకాలికి. రెండు, తొమ్మిది తీగల్ని దించేది కుడి మోకాలు కుడివైపు. ఒకటో తీగ ఎక్కించేది, ఆరో తీగ దించేది కలిపి కుడి మోకాలు ఎడమవైపు. ఐదో లివర్ దొరికిన రోజున బి ఫ్లాట్‌ని పైకెత్తే లివర్ మీద పెట్టండి. ఒకటో తీగ జి కి వెళ్ళాలా జి షార్ప్‌కి వెళ్ళాలా అంటే, బ్లూస్ రంగు, సెవెన్త్‌లు ఎక్కువ వాయించేవాళ్ళకి జి, పైన మేజర్ థర్డ్‌కి చేరే గీతలు ఇష్టమైనవాళ్ళకి జి షార్ప్. నేను జి తో చాలాకాలం ఉండి జి షార్ప్‌కి మారాను, వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

ఒకసారి ఒకే మార్పు చెయ్యండి. చేశాక కనీసం ఆరు వారాలు ఉంచండి, మొదటి వారంలో చిరాకు అనిపించేది మూడో వారానికి పోవచ్చు, మొదటి రోజు అద్భుతం అనిపించింది నాలుగో వారానికి వాడకుండా పడి ఉండొచ్చు. నోట్‌బుక్‌లో రోజూ ఎన్నిసార్లు నిజంగా నొక్కారో ఒక గీత పెట్టుకుంటే నిర్ణయం తేలిక. విప్పేముందు గిటార్ అడుగు భాగం ఫోటోలు రెండు మూడు కోణాల్లో తీసి పెట్టుకోండి, ఏ రాడ్డు క్రాంక్‌లో ఎన్నో కన్నం, చేంజర్‌లో ఎన్నో కన్నం అని చీటీ రాసి, తీసిన రాడ్లు, నట్లు అన్నీ ఒక సంచిలో వేసి ఆ చీటీ దానికే కట్టి కేసులో ఉంచండి.